సముద్రం, సముద్రపు మంచు ముందస్తు అంచనాలకు పరిశీలనలు ఎంత తోడ్పడుతున్నాయో కొలవడం ఎలా? వరంగల్ విద్యార్థుల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

వరంగల్ నుంచి సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినా మన చెరువులు నిండడం, అలుగులు పారడం చాలావరకు బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల చేతుల్లోనే ఉంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే సమయంలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. ఇలాంటి వానలను ముందే పసిగట్టడానికి కావలసినవి ఎన్నో ఉన్నాయి. వాతావరణ మోడల్‌కు తన కింద ఉన్న సముద్రం ఎంత వేడిగా ఉందో, ఆ వేడి ఎంత లోతు వరకు నిలిచి ఉందో తెలియడం వాటిలో ఒకటి.

ఆ సంగతి తెలియజేసే ఫ్లోట్లు (నీటిలో కొట్టుకుపోతూ కొలిచే పరికరాలు), బోయ్‌లు (తేలుతూ కొలిచే పరికరాలు), ఉపగ్రహాలు ఖరీదైనవి. వాటిలో ఏది అంచనాకు ఎంత మేలు చేస్తున్నదో చెప్పమని నిధులిచ్చేవారు అడుగుతారు, అడగాలి కూడా. ఈ వ్యాసం ఆ మేలును కొలిచే పద్ధతిని మెట్టు మెట్టుగా వివరిస్తుంది. హనుమకొండ, వరంగల్ కళాశాలల్లో భౌతికశాస్త్రం, గణితం, ఇంజినీరింగ్ చదువుతూ కొంత పైథాన్, కొంత గణాంకశాస్త్రం తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఈ రంగంలో దేశంలోని ప్రధాన సంస్థ ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) 1999 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి, ఇది మనకు అందని విద్య కాదు.

ముందుగా తెలియవలసిన క్రమం

మోడల్ నిన్నటి స్థితి నుంచి నేటి స్థితిని లెక్కగడుతుంది. దానిని తొలి అంచనా అందాం. ఆ చోట, ఆ సమయాన వచ్చిన పరిశీలనకు, తొలి అంచనాకు మధ్య ఉన్న తేడాను ఇన్నోవేషన్ అంటారు. మోడల్ దోషం ఎంత, పరిశీలన దోషం ఎంత అన్న అంచనాలను బట్టి ఆ తేడాలో కొంత భాగాన్ని మోడల్‌లోకి ఎక్కిస్తారు. ఇదే డేటా అసిమిలేషన్. అలా సరిదిద్దిన స్థితిని విశ్లేషణ అంటారు. రేపటి అంచనా అక్కడి నుంచి మొదలవుతుంది.

విశ్లేషణ పరిశీలనకు దగ్గరగా వచ్చిందంటే పరిశీలన మేలు చేసినట్టే అనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. దగ్గరగా రావడం అసిమిలేషన్ చేసే పనే. పరిశీలన దోషాన్ని తక్కువగా రాసి ఇస్తే ఎంత దగ్గరికైనా లాగవచ్చు. ఆ పరిశీలన లేకుంటే రాబోయే రోజుల అంచనా ఎంత చెడిపోయేదన్నదే అసలు కొలత. దానిని కూడా ఆ పరిశీలనతో సంబంధం లేని మరో సాక్ష్యంతో తేల్చాలి. కింది మెట్లన్నీ ఈ ఒక్క మాట కోసమే.

1. ప్రశ్నను కుదించండి

ఆర్గో అనేది సముద్రం లోపలి ఉష్ణోగ్రతను కొలిచే ఫ్లోట్ల వ్యవస్థ. "ఆర్గో ఉపయోగపడుతుందా?" అన్నది ప్రశ్న కాదు. "తుపాను కాలమైన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, బంగాళాఖాతంలో పై 200 మీటర్ల ఉష్ణోగ్రత అంచనాకు, ఐదో రోజున, ఆర్గో ఎంత ఉపయోగపడుతుంది?" అన్నది ప్రశ్న. చరరాశి, ప్రాంతం, లోతు, ఋతువు, ఎన్నో రోజు అంచనా అనే ఐదింటినీ ప్రయోగం మొదలుకాక ముందే కాగితం మీద రాసుకోండి. ఫలితాలు చూశాక వీటిని మార్చడం మొదలుపెడితే ఏదో ఒక మూలన మంచి అంకె దొరికే తీరుతుంది.

2. ఏ పరిశీలన ఏమి చూస్తుందో తెలుసుకోండి

ఆర్గో ఫ్లోట్లు ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4000 ఉన్నాయి. ఒక్కొక్కటి 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, సుమారు పది రోజులకొకసారి 2000 మీటర్ల వరకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తుంది. ఆల్టిమీటర్ ఉపగ్రహాలు సముద్ర మట్టం ఎత్తుపల్లాలను చూస్తాయి. 1992లో ప్రయోగించిన టోపెక్స్ పొసైడాన్ నుంచి ఈ వరుస తెగలేదు. 2013లో ఇస్రో ప్రయోగించిన భారత ఫ్రెంచ్ ఉపగ్రహం సరళ్ కూడా ఈ వరుసలోదే. ఉపరితల ఉష్ణోగ్రతను పరారుణ పరికరాలు సూక్ష్మంగా చూస్తాయి, కానీ మేఘం అడ్డొస్తే చూడలేవు. మైక్రోవేవ్ పరికరాలు మేఘం గుండా చూస్తాయి, అయితే వాటి చూపు స్థూలం. తీరం దగ్గర, గట్టి వాన కింద అవి నమ్మదగినవి కావు. నైరుతి ఋతుపవన కాలంలో బంగాళాఖాతం మీద ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు.

బంగాళాఖాతం సంగతి ప్రత్యేకంగా గమనించాలి. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, మన గోదావరి తెచ్చే మంచినీరు, పైన కురిసే వాన కలిసి ఉపరితలంలో తక్కువ లవణీయత గల పలుచని పొరను ఏర్పరుస్తాయి. ఈ తేలిక నీరు మూతలాగా నిలవడం వల్ల కింది చల్లని నీరు సులభంగా పైకి రాదు. తుపాను దాటిపోయినా ఉపరితలం అంతగా చల్లబడదు. ఈ తేలిక పొర అడుగుకూ, కింది చల్లని నీటికీ మధ్య నిలిచే వెచ్చని పొరను అవరోధ పొర అంటారు. ఆల్టిమీటర్‌కు సుడిగుండం (విశాలమైన సుడి ప్రవాహం) కనిపిస్తుంది గానీ ఈ పొర కనిపించదు. స్మాస్, స్మాప్ వంటి ఉపగ్రహాలకు ఉపరితల లవణీయత కనిపిస్తుంది గానీ పొర మందం కనిపించదు. దానికి ఆర్గో, లేదా లంగరు వేసిన బోయ్ కావాలి. మన దేశపు ఓమ్ని లంగరు బోయ్‌లు, హిందూ మహాసముద్రంలోని రామా అనే లంగరు బోయ్‌ల వ్యూహం ఇక్కడ పనికివస్తాయి. బంగాళాఖాతం మీద చేసే ఏ ప్రయోగంలోనైనా లవణీయత లెక్క వదిలేస్తే ఆ ప్రయోగం సగమే అయినట్టని నా అభిప్రాయం.

3. ప్రయోగాలను నడపండి

కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులను తలచుకోండి. పై చెరువు మట్టం చూసి కింది చెరువు ఎప్పుడు అలుగు పారుతుందో చెప్పేవారికి పై చెరువు కొలత ఎంత విలువైనదో తెలియాలంటే, ఆ కొలతను దాచిపెట్టి మళ్లీ చెప్పించి చూడాలి. మధ్యలో మరో చెరువు కొలత కూడా వారి చేతిలో ఉంటే, ఒక్కదానిని దాచినందువల్ల పెద్ద తేడా రాదు. అంతమాత్రాన అది పనికిరానిదని కాదు, రెండూ ఒకే సమాచారాన్ని మోస్తున్నాయని అర్థం.

తొలగింపు ప్రయోగం సరిగ్గా ఇదే. కనీసం మూడు రకాల రన్‌లు (మోడల్‌ను నడిపించడాలు) కావాలి. మొదటిది కంట్రోల్, అంటే అన్ని పరిశీలనలతో నడిచేది. రెండోది ఏ పరిశీలనా లేని స్వేచ్ఛా రన్. మూడోది ఒక్కో రకాన్ని తీసేసిన రన్‌లు: ఆర్గో లేనిది, ఆల్టిమీటర్ లేనిది, ఉపరితల ఉష్ణోగ్రత లేనిది. వీలుంటే "ఆర్గో ఒక్కటే" వంటి కలిపి చూసే రన్ కూడా నడపండి. ఒక పరిశీలనను కంట్రోల్ నుంచి తీసేసినప్పటి నష్టానికీ, స్వేచ్ఛా రన్‌కు అదొక్కటే కలిపినప్పటి లాభానికీ తేడా చూస్తే పరిశీలనల మధ్య ఉన్న పునరుక్తి బయటపడుతుంది.

పరిశీలన తప్ప మరేదీ మారకూడదు. గాలులు, ఉష్ణ ప్రవాహాలు, నదుల ప్రవాహాలు, మోడల్ కోడ్, ప్రారంభ స్థితి అన్నీ ఒకటే ఉండాలి. అయితే ఇక్కడే దొంగదారులు కొన్ని ఉన్నాయి. ఆల్టిమీటర్ సమాచారాన్ని మోడల్‌కు ఎక్కించడానికి వాడే సగటు సముద్ర మట్టపు పటంలో పాత ఆర్గో, డ్రిఫ్టర్ (ప్రవాహంతో పాటు తేలిపోయే బోయ్) కొలతలు ఇమిడి ఉండవచ్చు. మోడల్‌ను నెమ్మదిగా లాగి ఉంచే క్లైమటాలజీ (దీర్ఘకాలపు సగటు స్థితి)లోనూ అంతే. మోడల్ వంకరను (ఎప్పుడూ ఒకే వైపు ఉండే దోషాన్ని) సరిచేసే పదాలను గతంలో అన్ని పరిశీలనలతో కలిపి తయారు చేసి ఉంటే, "ఆర్గో లేని" రన్‌లోకి ఆర్గో వెనుక తలుపు నుంచి వచ్చినట్టే. వీటిని పూర్తిగా తీసేయడం చాలాసార్లు కుదరదు. కనుక ఏవేవి మిగిలిపోయాయో జాబితా రాసి నివేదికలో పెట్టండి.

కాలం విషయంలో తొందరపడకూడదు. ఉపరితల ఉష్ణోగ్రతను ఆపేస్తే కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఆర్గోను ఆపేస్తే మాత్రం, కంట్రోల్ నుంచి వారసత్వంగా వచ్చిన మంచి స్థితి లోతుల్లో నెలల తరబడి నిలుస్తుంది. మూడు నెలల రన్ చూసి "ఆర్గో ప్రభావం స్వల్పం" అని రాస్తే అది సముద్రపు జ్ఞాపకశక్తిని కొలిచినట్టు అవుతుంది గానీ ఆర్గోను కాదు. తొలి నెలలను లెక్క నుంచి వదిలేసి, ఆ తర్వాత కనీసం ఒక పూర్తి సంవత్సరం నడపండి. అప్పుడే నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ లెక్కలోకి వస్తాయి.

తొలగింపు ఊహ మాత్రమే కాదు. పసిఫిక్‌లో ఎల్‌నినోను కనిపెట్టే టావో బోయ్‌ల నిర్వహణకు ఓడలు సరిగా వెళ్లని 2012 నుంచి 2014 మధ్యకాలంలో, వాటి నుంచి రావలసిన డేటాలో సుమారు 40 శాతమే అందే స్థితి వచ్చింది. ఉష్ణమండల పసిఫిక్ పరిశీలన వ్యవస్థ మొత్తాన్ని పునఃపరిశీలించడానికి అది కారణమైంది.

4. సాక్ష్యం స్వతంత్రంగా ఉండాలి

కంట్రోల్ విశ్లేషణనే సత్యంగా తీసుకుని తొలగింపు రన్‌లను దానితో పోల్చడం తేలిక, అందుకే చాలామంది చేస్తారు. కానీ కంట్రోల్ తన సొంత దోషాలను తనతోనే మోసుకొస్తుంది. దానికి దూరమైన ప్రతి రన్ చెడ్డదిగానే కనిపిస్తుంది. తొందరగా వాడగల మంచి సాక్ష్యం ఇన్నోవేషన్లే. కొత్త పరిశీలన మోడల్‌లోకి ఎక్కక ముందే అంచనాతో పోల్చుతాం కాబట్టి, ఆ క్షణానికి అది స్వతంత్రమే. తొలగించిన పరిశీలనలతో కూడా పోల్చండి. మోడల్ వాటిని చూడలేదు.

ఇంకా మేలైన దారి, కొన్ని ఫ్లోట్లను అన్ని రన్‌ల నుంచీ పక్కన పెట్టి సాక్షులుగా ఉంచుకోవడం. ఇక్కడ ప్రొఫైళ్లను (ఒక్కసారి పైకి వస్తూ తీసిన కొలతల వరుసలను) కాదు, ఫ్లోట్లను మొత్తంగా పక్కన పెట్టాలి. పది రోజుల కిందటి ప్రొఫైల్ మోడల్‌లోకి ఎక్కి ఉంటే, అదే ఫ్లోట్ నేటి ప్రొఫైల్ స్వతంత్ర సాక్షి కాదు. దానికి సెన్సార్ దోషం ఉంటే అది రెండింటిలోనూ ఉంటుంది. ప్రవాహాలకు డ్రిఫ్టర్లు, తీరానికి టైడ్ గేజ్‌లు (సముద్ర మట్టాన్ని కొలిచే పరికరాలు) సాక్ష్యమిస్తాయి.

5. అంకె కట్టడం

ముందుగా సగటు వంకరను, వర్గ సగటు మూల దోషాన్ని విడివిడిగా లెక్కించండి. వివరణ కోసం ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. 100 మీటర్ల లోతున ఐదో రోజు ఉష్ణోగ్రత అంచనాలో కంట్రోల్ దోషం 0.80 డిగ్రీలు, ఆర్గో లేని రన్ దోషం 0.92, స్వేచ్ఛా రన్ దోషం 1.20 అనుకోండి. ఆర్గో తీసేస్తే దోషం 0.12 డిగ్రీలు, అంటే కంట్రోల్ మీద 15 శాతం పెరిగింది. అసిమిలేషన్ మొత్తంగా తెచ్చిన మెరుగు 0.40 డిగ్రీలు, అందులో 0.12 అంటే 30 శాతం ఆర్గో తీసివేతతో పోతోంది. ఈ రెండు శాతాలు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏది చెబుతున్నారో స్పష్టంగా రాయండి. ఒక్కో పరిశీలనకు ఇలా వచ్చిన వాటాలను కూడి నూరు రావాలని చూడకండి. పునరుక్తి వల్ల తక్కువ, పరస్పర సహకారం వల్ల ఎక్కువ రావచ్చు.

లోతు వారీగా, రోజు వారీగా గీసిన పటం ఒక్క సగటు అంకె కన్నా ఎంతో చెబుతుంది. బంగాళాఖాతానికి ఉష్ణోగ్రతతో పాటు మిశ్రమ పొర (బాగా కలగలిసిన పై నీటి పొర) లోతు, 26 డిగ్రీల సమోష్ణ రేఖ లోతు, దానిపై నిల్వ ఉన్న ఉష్ణం కూడా చూడండి. తుపానుకు ఆహారం అదే. సుడిగుండాలను చూసేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. సుడిగుండాన్ని సరైన పరిమాణంలో చూపి కాస్త పక్కకు జరిపిన మోడల్‌కు రెండుసార్లు శిక్ష పడుతుంది, అసలు చూపని మోడల్‌కు ఒక్కసారే పడుతుంది. అందువల్ల దోషంతో పాటు అసంగతాల (మామూలు సగటు నుంచి తేడాల) సహసంబంధాన్ని, చలనశీలత పరిమాణాన్ని కూడా లెక్కించాలి.

6. తేడా నిజమైనదేనా?

సంవత్సరంలో 365 అంచనాలున్నాయి కదా అని 365 స్వతంత్ర నమూనాలున్నట్టు లెక్క వేయకూడదు. ఈ రోజు సముద్రం నిన్నటి సముద్రాన్నే ఎక్కువగా పోలి ఉంటుంది. ముందుగా రెండు రన్‌ల దోషాల తేడాను ఒకే సాక్ష్యం దగ్గర జతలుగా తీసుకోండి. ఆ తేడాల వరుసను రెండు మూడు వారాల ముక్కలుగా కోసి, ఆ ముక్కలను యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ ఏరి సగటు తీయండి. వచ్చిన సగటుల్లో నడుమ 95 శాతం పరిధి సున్నాను తాకితే, ఆ ప్రభావాన్ని ఫలితంగా ప్రకటించకండి.

7. సముద్రపు మంచు: ఇక్కడ నియమాలు మారతాయి

ఉత్తర తెలంగాణ వారికి ధ్రువాల మంచుతో పనేమిటని అడగవచ్చు. అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి కేంద్రాలకు సరుకులు తీసుకెళ్లే ఓడ మంచును చీల్చుకునే వెళ్లాలి. ఆర్కిటిక్‌లో 2008 నుంచి హిమాద్రి కేంద్రం ఉంది, 2014లో కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో ఇండార్క్ అనే లంగరు పరికరాన్ని మన శాస్త్రవేత్తలే దింపారు. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం ఈ పనులు చూస్తుంది. అక్కడ మన విద్యార్థులకూ చోటుంది.

మంచు విస్తరణను మైక్రోవేవ్ ఉపగ్రహాలు 1978 చివరి నుంచి చూస్తున్నాయి. ఒక గడిలో ఎంత భాగం మంచుతో కప్పి ఉందో చెప్పే ఈ కొలత సున్నాకూ నూరు శాతానికీ మధ్యే ఉంటుంది. శీతాకాలంలో మంచు మైదానం నడిబొడ్డున మోడల్‌లోనూ, ఉపగ్రహంలోనూ నూరు శాతమే కనిపిస్తుంది కాబట్టి అక్కడ పరిశీలన చెప్పేది దాదాపు ఏమీ ఉండదు, మేలంతా అంచుల్లోనే. మొత్తం ప్రాంతం మీద సగటు తీస్తే ఈ మేలు పలచబడి మాయమవుతుంది. కనుక 15 శాతం గీతను మంచు అంచుగా తీసుకుని, అంచనాకూ పరిశీలనకూ పొసగని వైశాల్యాన్ని మొత్తంగా కూడండి. మోడల్ అదనంగా చూపిన వైశాల్యాన్ని, చూపకుండా వదిలిన వైశాల్యాన్ని విడిగా కూడా రాసిపెట్టండి. వేసవిలో మంచు మీద నిలిచే కరుగు నీటి మడుగులను ఉపగ్రహం సముద్రంగా పొరబడుతుందని మరచిపోకండి. ఆ నెలల్లో పరిశీలన దోషాన్ని పెంచకపోతే మోడల్‌ను మీరే చెడగొట్టినవారవుతారు.

మందం మరింత కఠినమైన విషయం. 2010లో ఎగిరిన క్రయోశాట్-2 ఉపగ్రహం మంచు మందాన్ని నేరుగా కొలవదు. నీటిపైన తేలిన ఎత్తును మాత్రమే కొలుస్తుంది. మంచు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 917 కిలోలు, సముద్రపు నీటిది సుమారు 1024. కనుక పైన హిమం (ఆకాశం నుంచి కురిసిన మంచు) లేని ఒక మీటరు మంచులో పది సెంటీమీటర్లే పైన కనిపిస్తుంది. ఆ ఎత్తులో ఒక సెంటీమీటరు తప్పు వస్తే మందంలో దాదాపు పది సెంటీమీటర్ల తప్పు వస్తుంది. పైన పడిన హిమం బరువు సరిగా తెలియకపోవడం దీనికి తోడు. పలుచని మంచును స్మాస్ బాగా చూస్తుంది, మందమైన మంచును క్రయోశాట్ బాగా చూస్తుంది. అందుకే రెంటినీ కలిపి వాడతారు. మందాన్ని తీసేసిన ప్రయోగంలో మొదటి వారంలో తేడా లేదని పక్కన పెట్టేయకండి. ఏప్రిల్‌లో సరిదిద్దిన మందం సెప్టెంబరు మంచు అంచులో బయటపడవచ్చు.

ఒక సాంకేతిక పరీక్ష తప్పనిసరిగా చేయండి. పరిశీలన ప్రకారం మోడల్‌లో మంచు కలిపి, దాని కింది నీటి ఉష్ణోగ్రతను అలాగే వేడిగా వదిలేస్తే, ఆ మంచు మర్నాటికి కరిగిపోతుంది. విశ్లేషణ అద్భుతంగా, రెండో రోజు అంచనా మామూలుగా ఉందంటే లోపం పరిశీలనలో లేదు, మంచుకూ నీటికీ మధ్య పొంతన కుదర్చని అసిమిలేషన్‌లో ఉంది.

8. దగ్గరి దారులు, వాటి హద్దులు

ఒక్కో రకానికి ఒక్కో సంవత్సరం రన్ నడపడం ఖరీదు. వాతావరణ శాస్త్రంలో లాంగ్లాండ్, బేకర్ 2004లో చూపిన పద్ధతి ప్రకారం, అడ్జాయింట్ మోడల్ (అంచనా దోషం ఏ తొలి స్థితి నుంచి వచ్చిందో వెనక్కి లెక్కగట్టేది) సహాయంతో అంచనా దోషం తగ్గుదలలో ప్రతి పరిశీలన వాటాను ఒకేసారి లెక్కించవచ్చు. ఎన్సెంబుల్ (కొద్ది తేడాలతో నడిపిన అనేక రన్‌ల గుంపు) ఉంటే అడ్జాయింట్ లేకుండానూ చేయవచ్చు. దీనితో మొదటిసారి పనిచేసేవారు కంగారుపడే సంగతి ఒకటుంది: మేలు చేసే పరిశీలనలు మొత్తంలో సగం కంటే కొంచెం ఎక్కువే ఉంటాయి. అది తప్పు కాదు. దోషాలున్న మోడల్, దోషాలున్న పరిశీలన కలిసినప్పుడు లాభం గణాంకంగానే వస్తుంది. ఈ పద్ధతి కొద్ది రోజుల అంచనాకే నమ్మదగినది. నెలల తర్వాత వచ్చే ప్రభావాన్ని అది చూడలేదు.

విశ్లేషణ మీద ఏ పరిశీలనకు ఎంత పట్టు ఉందో చెప్పే స్వేచ్ఛాంశాల కొలత ఇంకా చవక. పట్టు ఉండడం వేరు, మేలు చేయడం వేరు. దానిని మేలుగా చదవకండి. డెరోజియే 2005లో ఇచ్చిన పరీక్ష మాత్రం అందరూ చేయాలి. ఇన్నోవేషన్‌ను, అదే పరిశీలనకూ విశ్లేషణకూ మధ్య మిగిలిన తేడాతో గుణించి సగటు తీయండి. మీరు అనుకున్న పరిశీలన దోష వర్గానికి అది దూరంగా ఉంటే, ముందు ఆ దోషాన్ని సరిచేసుకుని తర్వాతే ప్రభావం కొలవండి.

9. ఇంకా లేని పరికరాన్ని కొలవడం

రేపు ఎగరబోయే ఉపగ్రహం విలువ తెలియాలంటే, ఒక సూక్ష్మమైన మోడల్ రన్‌ను ప్రకృతిగా భావించి, దానిలోంచి తగిన దోషాలు కలిపిన కృత్రిమ పరిశీలనలను తీసి, మరో మోడల్‌కు ఎక్కించాలి. 2022 డిసెంబరులో ఎగిరిన, సముద్ర మట్టాన్ని కొలిచే స్వాట్ ఉపగ్రహాన్ని గురించి ఇలాంటి ప్రయోగాలు ముందే జరిగాయి. రెండు చోట్లా ఒకే మోడల్ వాడితే ఫలితాలు నిజం కన్నా గొప్పగా వస్తాయి. అందుకే ఇప్పటికే ఉన్న పరికరం మీద అసలు తొలగింపు ప్రయోగాన్ని, కృత్రిమ తొలగింపు ప్రయోగాన్ని రెంటినీ చేసి, ప్రభావాలు పొసిగితేనే ముందుకు వెళ్లాలి.

10. వరంగల్‌లో కూర్చుని ఎక్కడ మొదలుపెట్టాలి

సముద్ర మోడల్‌తో మొదలుపెట్టనవసరం లేదు. నలభై చరరాశులు గల లోరెంజ్ 1996 అనే చిన్న బొమ్మ మోడల్‌కు ఎన్సెంబుల్ కాల్మన్ ఫిల్టర్ అనే అసిమిలేషన్ పద్ధతిని జోడించి, మామూలు ల్యాప్‌టాప్ మీదే కంట్రోల్, తొలగింపు, ముక్కల బూట్‌స్ట్రాప్ (ఆరో మెట్టులో చెప్పిన ఏరివేత) అన్నీ చేయవచ్చు. పై ఉచ్చులు చాలావరకు అక్కడే ఎదురవుతాయి. తర్వాత ఆర్గో ప్రొఫైళ్లను ఉచితంగా దించుకుని, బహిరంగంగా దొరికే ఏదైనా సముద్ర అంచనాతో పోల్చి, బంగాళాఖాతానికి లోతు వారీ దోష పటం గీయండి. హిందూ మహాసముద్రపు ఆర్గో డేటా ప్రాంతీయ కేంద్రం ఇన్‌కాయిసే. నాణ్యతా గుర్తులు చూసి, మంచివిగా గుర్తించిన కొలతలనే తీసుకోండి. రామ్స్ (ROMS) వంటి ప్రాంతీయ సముద్ర మోడల్‌కు కళాశాల కంప్యూటర్ క్లస్టర్ కావాలి. అది మూడో దశ.

ఫలితం రాసేటప్పుడు మోడల్ పేరు, దాని గడి పరిమాణం, అసిమిలేషన్ పద్ధతి, కాలం, సాక్ష్యం, అనిశ్చితి పరిధి అంకె పక్కనే ఉండాలి. అది పరిశీలన విలువ ఒక్కటే కాదు, ఆ వ్యవస్థలో ఆ పరిశీలన విలువ. మరో వ్యవస్థలో మరోలా వస్తుంది. ఐక్యరాజ్యసమితి సముద్ర దశాబ్దిలో భాగంగా సాగుతున్న సిన్ఆబ్స్ ప్రాజెక్టులో వివిధ దేశాల కేంద్రాలు ఒకే రకమైన తొలగింపులను తమ తమ వ్యవస్థల్లో నడుపుతున్నది ఇందుకే. వాటిలో ఎక్కువ వ్యవస్థలు ఒకే దిక్కున చెప్పిన ఫలితాన్ని ముందుగా నమ్మండి. మీ రన్ వాటికి విరుద్ధంగా వస్తే, మూడో మెట్టులో చెప్పిన దొంగదారుల జాబితాతో వెతకడం మొదలుపెట్టండి.